ఏనుగు మనిషి పేరు జాన్ కాదు, జోసెఫ్

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరు ‘ఏనుగు మనిషి అనేవాడు నిజంగా ఉన్నాడా, సినిమా కోసం పుట్టించారా’ అని అడిగారు. చోటు లేక రెండు ముక్కల్లో ‘ఉన్నాడు, లండన్‌లో ఉండేవాడు, పేరు జాన్ మెరిక్, చిన్న వయసులోనే పోయాడు’ అని రాసి వదిలేశాను. జబ్బుతో తలా ఒళ్ళూ విపరీతంగా పెరిగిపోయి ఆ పేరు పడ్డ మనిషి అతను. ఆ రెండు ముక్కల్లో ఒక తప్పు కూడా చేశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు తిట్టారు, కొందరు ఇంకా చెప్పమన్నారు, ఇంకొందరు ఆ వంకన తమ ఇంట్లో సంగతి చెప్పుకున్నారు. అందుకని ఈసారి వంటలూ వడియాలూ పక్కనపెట్టి శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను. ఆవకాయ బూజు పట్టిందన్న అనకాపల్లి ఆవిడ ఇంకో నెల ఓపిక పట్టాలి.

మీరు రాసిన పేరు తప్పండీ. జాన్ కాదు, జోసెఫ్. ఇన్నేళ్ళుగా జవాబులు రాస్తున్నవారు ఇలా చేస్తే ఎలా?
— రిటైర్డ్ టీచర్, తెనాలి

లెంపలేసుకుంటున్నాను మాస్టారూ. పూర్తి పేరు జోసెఫ్ కేరీ మెరిక్. అయితే ఈ తప్పు నా ఒక్కదానిదే కాదు, అతనికి వైద్యం చేసిన డాక్టరు గారిదే. సర్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ అని పెద్ద సర్జన్, 1923లో తన జ్ఞాపకాలు పుస్తకంగా వేసి, అందులో జాన్ అని రాశాడు. చేతిరాత ప్రతిలో మొదట జోసెఫ్ అని రాసి, కొట్టేసి, జాన్ అని దిద్దాడట. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. నాలుగేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న మనిషి పేరును అలా మార్చేశాడు! ఆ పుస్తకం చదివినవాళ్ళు, దాని మీద సినిమా తీసినవాళ్ళు, చివరికి మీ ఈ శీర్షిక రాసే మనిషి, అందరం అదే పట్టుకు వేలాడాం.

ఆయన కథ మొత్తం చెప్పండి మేడమ్. నెట్‌లో చూస్తే తలా ఒకటి రాశారు. అసలు ఎలా బతికాడు? తిండీ తిప్పలూ ఎలా?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

అడిగే తీరు బాగుంది నాయనా. జబ్బు పేరు అడగకుండా తిండి ఎలా గడిచిందని అడిగావు. అక్కడే మొదలుపెడతాను.

1862 ఆగస్టు 5న ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్ళో పుట్టాడు. పుట్టినప్పుడు తేడా పెద్దగా కనిపించలేదు. అయిదేళ్ళ వయసు నుంచి ఒళ్ళు మారడం మొదలైందని తనే తర్వాత ఒక చిన్న పుస్తకంలో చెప్పుకున్నాడు. పెద్దయ్యాక తల చుట్టుకొలత 36 అంగుళాలు. ఇంట్లో కుట్టుమిషన్ టేపు ఉంటే తీసి చూడు, అది నీకు ప్యాంటు కుట్టే టైలరు నడుముకి రాసుకునే కొలత. కుడి మణికట్టు చుట్టూ 12 అంగుళాలు, ఆ చేతి వేలు ఒక్కటే చుట్టూ 5 అంగుళాలు. చర్మం ముద్దలు ముద్దలుగా వేలాడేది. ఎడమచెయ్యి మాత్రం చక్కగా, చిన్నగా, పదేళ్ళ ఆడపిల్ల చెయ్యిలా ఉండేదట. దీనికి తోడు చిన్నప్పుడు ఎక్కడో పడి తుంటి దెబ్బతిని కుంటి కూడా వచ్చింది.

పదేళ్ళు నిండాక, 1873లో తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంట్లో ఏం జరిగిందో పెద్దగా ఊహించుకోనక్కర్లేదు, మన పక్కింట్లో జరిగేదే. చదువు మానేసి ఒక చుట్టల కంపెనీలో పొగాకు చుట్టే పనికి కుదిరాడు. కొన్నాళ్ళకు కుడిచెయ్యి బరువెక్కి, చుట్ట చుట్టడానికి వేళ్ళు వంగలేదు. పని పోయింది. తండ్రికి దారాలూ గుండీలూ అమ్మే కొట్టు ఉండేది, ఆ సరుకు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మమన్నారు. పెదవులూ దవడా వంకరపోవడం వల్ల మాట స్పష్టంగా వచ్చేది కాదు. తలుపు తట్టి ‘దారం కావాలా’ అంటే అవతల మనిషికి ఆ మాట అర్థం కాదు, ఆ ముఖం చూసి ధడాల్న తలుపేసేవాళ్ళు. సరుకు అమ్ముడుపోకుండా ఇంటికొస్తే సవతితల్లి సగం కంచమే పెట్టి ‘నువ్వు సంపాదించిన దానికి ఇదే ఎక్కువ’ అనేది. ఆ మాట పడలేక ఖాళీ కడుపుతో వీధుల్లోనే తిరిగేవాణ్ణని రాసుకున్నాడు. చివరికి ఊరి అధికారులు, జనం గుమిగూడుతున్నారని కాబోలు, తిరిగి అమ్ముకునే లైసెన్సు కూడా ఇవ్వం పొమ్మన్నారు.

మంగలి పని చేసే బాబాయి ఒకాయన ఇంట్లో పెట్టుకున్నాడు. పాపం ఆయనకూ ఎదిగే సంసారం, ఎన్నాళ్ళని? 1879 డిసెంబరులో, పదిహేడేళ్ళకి, వర్క్‌హౌస్‌లో చేరాడు. వర్క్‌హౌస్ అంటే దిక్కులేనివాళ్ళకు సర్కారు పెట్టిన ఆశ్రమం లాంటిదే గానీ, ఎవరూ ఇష్టపడి రాకూడదని కావాలనే జైలులా నడిపేవాళ్ళు. మధ్యలో ఒకసారి బయటికొచ్చి పని వెతుక్కున్నాడు, రెండు రోజులకే మళ్ళీ అదే గుమ్మం ఎక్కాడు. అక్కడ ఉన్నప్పుడే పైపెదవి నుంచి తొండంలా పెరిగిన కండను ఆసుపత్రిలో కోసి తీశారు. అది అడ్డం పడి తినడమే కష్టమైపోయింది అప్పటికి.

ఇలా నాలుగున్నరేళ్ళకు పైగా గడిచాక అతను చేసిన పని నాకు ఈ మొత్తం కథలో చాలా ఇష్టం. శామ్ టార్ అనే హాస్యనటుడు ఆ ఊళ్ళో నాటకశాల నడుపుతున్నాడని తెలిసి, తనే అతనికి ఉత్తరం రాశాడు. నన్ను ఎలాగూ ఊరికే చూస్తున్నారు, డబ్బులు తీసుకుని చూపిద్దాం అన్నట్టు. సినిమాల్లో చూపించినట్టు ఎవరో సంచిలో కట్టి ఎత్తుకుపోలేదు. 1884 ఆగస్టులో వర్క్‌హౌస్ గేటు దాటి తనంతట తనే బయటికి నడిచాడు.

తర్వాత కథ నీకు కొంత తెలుసు. లండన్‌లో వైట్‌చాపెల్ రోడ్డు మీద ఒక ఖాళీ కొట్టులో అతన్ని చూపించేవాళ్ళు. ఎదురుగానే లండన్ హాస్పిటల్. అక్కణ్ణుంచి ట్రీవ్స్ రోడ్డు దాటి వచ్చి చూసి, డాక్టర్ల సభలో పెట్టి పరీక్షించి, తన విజిటింగ్ కార్డు చేతిలో పెట్టి పంపాడు. ఇతను బుద్ధిమాంద్యుడని కూడా అనుకున్నాడు అప్పట్లో, మాట అర్థం కాక. ఈలోగా పోలీసులు ఇలాంటి ప్రదర్శనలు మూయించడంతో యూరప్ వెళ్ళాడు. అక్కడ మేనేజరు ఇతను దాచుకున్న డబ్బు, 50 పౌండ్ల దాకా, తీసుకుని ఉడాయించాడు. ఎలాగో లండన్ చేరాడు. 1886 జూన్‌లో లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్లో దిగితే జనం చుట్టుముట్టారు. ఏ ఊరో, ఎవరో చెప్పబోతే ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. పోలీసులకు అతని దగ్గర ట్రీవ్స్ కార్డు దొరికింది. ఏడాదిన్నర పాటు, అన్ని దేశాలు తిరిగి, దోపిడీకి గురై కూడా ఆ అట్టముక్కను పోగొట్టుకోలేదు చూశావా.

కబురందుకుని ట్రీవ్స్ వచ్చి లండన్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. అది నయంకాని జబ్బులకు చోటులేని ఆసుపత్రి. అయినా చైర్మన్ కార్ గామ్ డిసెంబరులో టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. ఇతన్ని ఎక్కడా చేర్చుకోవడం లేదు, ఏం చెయ్యమంటారని. జనం డబ్బు పంపారు, బతికినన్నాళ్ళకూ సరిపడా. ఆసుపత్రి వెనక పెరటి వైపు రెండు గదులిచ్చారు, అద్దం మాత్రం పెట్టలేదు. వేల్స్ యువరాణి అలెగ్జాండ్రా వచ్చి చెయ్యి కలిపి వెళ్ళింది, ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపేది. డ్రూరీ లేన్ థియేటర్లో ఎవరికీ కనపడకుండా బాక్సులో కూర్చోబెట్టి నాటకం చూపించారు. ఎండాకాలం పల్లెకు వెళ్ళి అడవిపూలు కోసి ట్రీవ్స్‌కి పోస్టులో పంపేవాడు. 

పడుకోవడం ఒక్కటే కుదరలేదు. తల బరువుకి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. మంచం మీద కూర్చుని, మోకాళ్ళు ముడుచుకుని, వాటి మీద తల ఆనించి నిద్రపోయేవాడు. 1890 ఏప్రిల్ 11 మధ్యాహ్నం మంచం మీద వెల్లకిలా పడి చనిపోయి కనిపించాడు. 27 ఏళ్ళు. అందరిలా పడుకుని చూద్దామనుకున్నాడేమో అని ట్రీవ్స్ రాశాడు. విచారణలో ప్రమాదం అని తేల్చారు.

మనిషిని బోనులో పెట్టి డబ్బు చేసుకున్న వాళ్ళు రాక్షసులు, ఆదుకున్న డాక్టరు దేవుడు. ఇందులో రెండో మాట ఉందా?
— విశాఖపట్నం

ఉంది. మొదటి మాట, బోను లేదు.

లండన్‌లో చూపించిన టామ్ నార్మన్ అనేవాడు వచ్చిన డబ్బులో సగం మెరిక్‌కి ఇచ్చేవాడు. ఇందాక చెప్పిన 50 పౌండ్లు అలా కూడినవే. ఆ రోజుల్లో ఒక కూలీ ఏడాది పొడుగునా ఒళ్ళు హూనం చేసుకుంటే దాదాపు అంత వస్తుంది. వర్క్‌హౌస్‌లో పైసా కళ్ళచూడని మనిషి కదా. ట్రీవ్స్ పుస్తకంలో ఈ నార్మన్‌ని తాగుబోతు దుర్మార్గుడిలా చూపిస్తే, అప్పటికి ముసలివాడైన నార్మన్ ఊరుకోలేదు, నేను అలాంటివాణ్ణి కాదని పత్రికకు రాశాడు. డాక్టర్ల ముందు బట్టలు విప్పి నిలబెడితే పశువుల సంతలో గొడ్డులా అనిపించిందని మెరిక్ తనతో అన్నాడని కూడా చెప్పాడు. నార్మన్ తన వైపు చెప్పుకుంటాడు, నిజమే, కొంత తగ్గించుకునే వినాలి. అలాగే ట్రీవ్స్ మాటా తగ్గించుకోవాలి. మెరిక్ తల్లి నిర్దయగా కొడుకుని వదిలేసిందని రాశాడాయన. ఆ తల్లి పోయింది న్యుమోనియాతో, కొడుకు ఆమె బొమ్మ చివరిదాకా దగ్గర పెట్టుకున్నాడు.

డాక్టరు గొప్ప పని చేశాడు, కాదనను. వేళకి తిండి, రోజూ స్నానం, తలుపు వేసుకోగలిగే గది. చర్మం వాసన వేసేది, రోజూ స్నానంతో అది పోయిందంటే ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఆలోచించండి. కానీ రాజవంశీకులు, జమీందారిణులు వరసకట్టి చూడ్డానికి వచ్చేవాళ్ళు కదా, అదీ చూడ్డమే. టికెట్ లేదు, అంతే తేడా.

మా చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల వెనక వరసగా గుడారాలు వేసేవాళ్ళు. ‘నాగకన్య: పాము ఒళ్ళు, ఆడపిల్ల తల’ అని బొమ్మ గీసిన పరదా, మైకులో గోల. దాని పక్క గుడారంలో ఒకాయన్ని చూపించేవాళ్ళు, నడుం కింద కాళ్ళు చంటిపిల్లవాడి కాళ్ళంత. పావలా ఇచ్చి లోపలికి దూరాం నేనూ మా అన్నయ్యా. నాగకన్య ఉత్త అద్దాల మోసమని అన్నయ్య ముందే చెప్పాడు, ఈయన మాత్రం నిజం. బల్ల మీద కూర్చుని సాసర్‌లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆయన టీ తాగడం ఆపి నావైపు చూసి, ‘ఏ ఊరు పాపా మీది?’ అన్నాడు. నా గొంతు పెగల్లేదు. అన్నయ్య చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఊరి పేరు కూడా చెప్పకుండా వచ్చేశానని ఇప్పటికీ నాకు సిగ్గే. ఆయన్ని ఎవరైనా బలవంతంగా కూర్చోబెట్టారా, ఇష్టపడి కూర్చున్నాడా, సగం డబ్బు ఇచ్చేవాళ్ళా అన్నది నాకు తెలీదు, అప్పుడు అడగాలని తోచలేదు. మీ ఉత్తరంలో రాక్షసులన్న మాట చదవగానే మాత్రం నాకు గుర్తొచ్చింది గుడారం వాడు కాదు, పావలా ఇచ్చి దూరిన నేను.

అమ్మా, మా కోడలికి నెలక్రితం పాప పుట్టింది. గ్రహణం మొర్రి. గ్రహణం రోజు కోడలు కూరగాయలు కోసిందని నేనే నలుగురిలో అన్నాను. అప్పటి నుంచి అది నాతో మాట్లాడడం లేదు, పిల్లని ఎవరికీ చూపించడం లేదు. పాలు తాగితే ముక్కులోంచి వచ్చేస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?
— జగిత్యాల

ముందు వెళ్ళి కోడలికి తప్పైపోయిందని చెప్పండి, నలుగురిలో అన్నారు కాబట్టి నలుగురిలోనే చెప్పండి. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదు. ప్రపంచంలో ఏడువందల కాన్పులకు ఒకటి చొప్పున ఈ లోపంతో పుడుతున్నారు, గ్రహణం మాటే పట్టని దేశాల్లో కూడా. కడుపులో పిండం ముఖం రెండు వైపుల నుంచి వచ్చి కలుసుకుంటుంది, అది మొదటి రెండు మూడు నెలల్లో జరిగే పని. ఎక్కడో అతుకు పడదు, అంతే. చాలాసార్లు ఆ ఇంట్లో నెల తప్పిందని పూర్తిగా తేలేసరికే అది జరిగిపోయి ఉంటుంది.

మెరిక్ తల్లి కూడా ఇలాంటి మాటే నమ్మిందట. కడుపుతో ఉండగా ఊళ్ళో సంత జరుగుతుంటే, జనం తోపులాటలో ఊరేగింపు ఏనుగు ముందు పడిపోయిందని, ఆ భయమే బిడ్డకి తగిలిందని. కొడుకూ చచ్చేదాకా అదే నమ్మాడు. ఏనుగు మనిషి అన్న పేరు వెనకా ఈ నమ్మకముంది. లెస్టర్‌లో ఏనుగు, జగిత్యాలలో గ్రహణం. ఎక్కడైనా నింద మాత్రం తల్లి మీదే పడుతుంది, తండ్రి ఏ ఏనుగుని చూశాడో ఎవరూ అడగరు!

ఇక పాల సంగతి. పాపని పడుకోబెట్టి పట్టకండి, తల ఎత్తుగా, దాదాపు కూర్చోబెట్టినట్టు పట్టుకోవాలి. తల్లి పాలు పిండి, చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో కొంచెం కొంచెంగా, మధ్యలో ఆపి తేన్పు తెప్పిస్తూ పట్టాలి. అంగిలి కూడా చీలిందేమో డాక్టరు చూడాలి, ముక్కులోంచి వస్తున్నాయంటే చీలే ఉండొచ్చు. మామూలుగా పెదవికి మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి ఏడాది అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తారు. అప్పటికి బరువు పెరిగి ఉండాలి, అందుకే పాల మీద అంత పట్టింపు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వమే చేయిస్తుంది, స్మైల్ ట్రైన్ సాయంతో ఉచితంగా చేసే ఆసుపత్రులూ ఉన్నాయి. మీ ఊరి ఆశా కార్యకర్తని అడిగితే దారి చెబుతుంది. పిల్లని దాచకండి. ఫొటో కూడా తియ్యండి, రేపు పెద్దయ్యాక దానికి పుట్టినప్పటి ఫొటో ఒక్కటీ లేకపోతే ఎందుకు లేదని అడుగుతుంది.

నాకు ముఖం ఎడమవైపు, మెడ మీద కంతులు. న్యూరోఫైబ్రోమాటోసిస్ అన్నారు. జిరాక్స్ షాపు నడుపుతాను. చాలామంది చిల్లర నా చేతిలో పెట్టరు, కౌంటర్ మీద పెట్టి జరుపుతారు. మీ పత్రిక వచ్చాక ఒక పిల్లాడు ‘అమ్మా, ఏనుగు మనిషి అంటే ఈ అంకులేనా’ అన్నాడు. వాళ్ళమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది. వాడు ఏడుస్తుంటే నాకేం చెయ్యాలో తోచలేదు. ఇప్పుడొక సంబంధం వచ్చింది, అమ్మాయికి ఇష్టమేనట. పిల్లలకు వస్తుందేమోనని టెన్షన్.
— ఖమ్మం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ రెండు ముక్కలు రాసింది నేనే కాబట్టి ముందు నన్ను క్షమించండి. పిల్లాడు అడగాల్సిందే అడిగాడు, వాళ్ళమ్మ సిగ్గుతో కొట్టింది. ఈ ముగ్గురిలో ఏ పాపం తెలియకుండా దెబ్బ తిన్నది వాడు, ఏ పాపం చెయ్యకుండా మాటపడింది మీరు.

వాడు మళ్ళీ వస్తే చెప్పడానికి మీకొక సంగతి. ఆ పేరు మీకు తగిలించడం వైద్యశాస్త్రం ప్రకారం కూడా తప్పే. మెరిక్‌కి ఉన్నది మీ జబ్బేనని 1909లో ఒక డాక్టరు అన్నాడు, ఆ మాట దశాబ్దాలు నడిచింది. ఎందరో మీలాంటివాళ్ళకు ‘నీది ఏనుగు మనిషి జబ్బు’ అని చెప్పి ప్రాణాలు పైకి పోయేలా భయపెట్టారు. 1986లో ఇద్దరు కెనడా వైద్యులు అతని లక్షణాలన్నీ సరిచూసి, అది ప్రోటియస్ సిండ్రోమ్ అయ్యుండాలన్నారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఇదే. అది పదిలక్షల్లో ఒకరికి కూడా రాదు. ఏకేటీ1 అనే జన్యువులో, పిండం పెరిగేటప్పుడు కొన్ని కణాల్లో మాత్రమే వచ్చే మార్పు దానికి కారణమని 2011లో తేల్చారు. అమ్మానాన్నల నుంచి వచ్చేది కాదు. మీది వేరు. మూడువేల మందిలో ఒకరికి ఉంటుంది. ముట్టుకుంటే అంటదు, చిల్లర ఇస్తే అసలే అంటదు.

పిల్లల సంగతి దాచకుండా చెబుతాను. మీకున్నది టైప్ 1 అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. వస్తే ఎంత తీవ్రంగా ఉంటుందో ముందు చెప్పలేరు. ఒంటిమీద నాలుగు మచ్చలతో సరిపోవచ్చు, మీకంటే ఎక్కువా కావచ్చు. జన్యుపరీక్షలు ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది, మీరొక్కరే కాదు, ఆ అమ్మాయిని కూడా తీసుకెళ్ళండి, తాంబూలాలు పుచ్చుకోకముందే. ఇష్టమేనన్న మనిషికి పూర్తిగా తెలిసి ఇష్టమవ్వాలి కదా. ఇంకొకటి, ఉన్న కంతుల్లో ఏదైనా ఉన్నట్టుండి గబగబా పెరిగినా, గట్టిపడినా, రాత్రుళ్ళు నొప్పెట్టినా ఆలస్యం చెయ్యకండి, వెంటనే చూపించుకోండి.

సర్టిఫికెట్ వస్తుందా అని చివర్లో చిన్నగా అడిగారు. 2016 చట్టంలో వైకల్యాలు 21 రకాలు. యాసిడ్ దాడి బాధితులకు అందులో చోటుంది. జబ్బు వల్ల ముఖం మారినవాళ్ళకు విడిగా గడి లేదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది, ఉద్యోగం ఇవ్వని ఓనరు ముఖం ఎందుకలా ఉందని కారణం అడిగి మరీ మానేస్తాడా? కంతి వల్ల చూపు, వినికిడి, చెయ్యి కదలిక దెబ్బతింటే మాత్రం ఆ లెక్కన సదరం క్యాంపులో చూస్తారు.

కౌంటర్ మీద జరిపే చిల్లరకి నా దగ్గర మందు లేదు. ఉన్నట్టు రాస్తే మీకు కోపం వస్తుంది.

మన పురాణాల్లో అష్టావక్రుణ్ణి మహాజ్ఞానిగా గౌరవించారు. ఇలాంటి చిన్నచూపు పాశ్చాత్యులదే కదా?
— నెల్లూరు

అయ్యా, గౌరవించారు, కానీ పేరేం పెట్టారో చూడండి. ఎనిమిది వంకరలవాడు. జనకుడి సభలో వాదంలో గెలిచి తండ్రిని బతికించుకున్నాడు. భారతంలో ఆ తర్వాత ఏమైందో గుర్తుందా? తండ్రి సమంగా నదిలో మునగమన్నాడు, మునిగి లేచేసరికి వంకరలన్నీ తీరిపోయాయి. అంత జ్ఞానిని కూడా కథ చెప్పినవాళ్ళు వంకరగా ఇంటికి పంపలేకపోయారు. భాగవతంలో కుబ్జకీ అదే, కృష్ణుడు నిటారుగా చేసేదాకా ఊరుకోలేదు. నిటారు చెయ్యకుండా వదిలేసింది మంథరని, ఆవిడేమో రామాయణం మొత్తానికీ చెడ్డది. ఇక మన ఊళ్ళ సంగతి నన్ను అడక్కండి. మా వీధిలో ఒకాయన పోతే శుభలేఖ సైజు కార్డు మీద ఆయన అసలు పేరు చూసి, ఇదెవరబ్బా అనుకున్నాం అందరం. డెబ్భై ఏళ్ళు ఆయన్ని గూనాయన అనే పిలిచాం.

ఏనుగు మనిషి అట్టలతో చర్చి కట్టాడని మా సార్ చెప్పారు. కుడిచెయ్యి పనిచెయ్యదు కదా ఆంటీ, ఎలా కట్టాడు?
— తొమ్మిదో తరగతి, రాజమండ్రి

ఎడమచేత్తో తల్లీ. ఇందాక చెప్పానే, ఆ పదేళ్ళ ఆడపిల్ల చెయ్యిలాంటి చేత్తో. కత్తిరించి అతికించుకునే అట్టబొమ్మల సెట్లు దొరికేవి అప్పట్లో, మన పిల్లల పుస్తకాల్లో వస్తాయే అలాంటివి, ఇంకా పెద్దవి. అతను కట్టింది జర్మనీలో మైన్జ్ అనే ఊరి చర్చి నమూనా. చిన్న చిన్న కిటికీలు, గోపురాలు, మడతపెట్టి బంక రాసి నిలబెట్టాలి. నువ్వొకసారి కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఒక అగ్గిపెట్టె అంత అట్ట డబ్బా చేసి చూడు, ఎంతసేపు పడుతుందో నాకు రాయి.

ఆ చర్చిని మ్యాడ్జ్ కెండల్ అనే నాటకాల నటికి ఇచ్చాడు. నాటకం చూసే ఏర్పాట్లలో ఆవిడ సాయం ఉంది, అతని కోసం చాలా చేసింది. ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసుకున్నట్టు మాత్రం ఎక్కడా దాఖలా లేదు. ఆ బొమ్మ తర్వాత తిరిగి ఆ ఆసుపత్రికే చేరింది. అతను పోయి 130 ఏళ్ళు దాటింది, బంక ఇంకా పట్టే ఉంది.